సన్నిధి, ఉజ్జీవము: క్రైస్తవవాఙ్మయమున రెండు శబ్దముల విమర్శ

తెలుఁగు క్రైస్తవుల ప్రార్థనలయందును, కీర్తనలయందును, బోధలయందును దఱచుగా వినఁబడు శబ్దములలో సన్నిధి, ఉజ్జీవము అనునవి ముఖ్యములు. దేవుని రాకకు హృదయమును దెఱచియుంచుట, ఆ రాకవలన వాడిన బ్రదుకు మరలఁ జిగుర్చుట అను రెండు భావములకు నివియే యాధారములు. కాని మిక్కిలి వాడుకచేత సన్నిధి యన నొక తావనియు, ఉజ్జీవమన నొక సభయనియు జనులకుఁ దోఁచుచున్నది. శబ్దము చెడిన నర్థము చెడును; భక్తివిషయమున నర్థము చెడిన నాచరణమే చెడును. కావున నీ రెండింటి స్వరూపమును విచారించుట యావశ్యకము.

సన్నిధిశబ్దము సం, ని అను నుపసర్గలు ముందుగాఁ గల ధాధాతువునకుఁ గిప్రత్యయము చేరఁగాఁ గలిగినది. దగ్గఱగా నుంచుట, దగ్గఱగా నుండుట యని దీని యర్థము. వ్యుత్పత్తినిబట్టి యిది క్రియనే చెప్పునుగాని దేవాలయవ్యవహారమున స్థలవాచి యైనది. స్వామిసన్నిధి యన్నంతనే గర్భగృహము నెదుటి తావు స్ఫురించును. బైబిలును దెనిఁగించినవారు హెబ్రీభాషలోని పానీమ్ అను శబ్దమునకుఁ బలుచోట్ల నీ మాటనే వాడిరి. పానీమ్ అనఁగా ముఖము. 51వ కీర్తనయందును, 139వ కీర్తనయందును దేవుని ముఖమును, దేవుని యాత్మయు నొక్క వచనముననే జంటగాఁ జెప్పఁబడినవి. ఆత్మయని తెనిఁగింపఁబడిన రూఅహ్ శబ్దమునకు గాలి యనియు, ఊపిరి యనియు నర్థములు గలవు. ముఖమును ఊపిరియు జంటయగుటలోని స్వారస్యము స్పష్టము. ఊపిరి సోఁకునంత చేరువ నొకరి కొకరు మొగముమొగముగా నుండుటయే యచ్చటి సన్నిధి. స్థలార్థమున రూఢమైన మాటలో నీ స్వారస్యము డాఁగిపోయినది.

అంతమాత్రమున ననువాదకులను దప్పుపట్టఁ బనిలేదు. క్రొత్తగా వచ్చిన మతమునకు వారు ప్రాఁతమాట నెన్నుకొని, ఆ మాట వెంట నంటివచ్చిన భయభక్తులను గూడఁ గొనివచ్చిరి. అది లాభమే. పోయినది ముఖము; దానిని మరల సంపాదించి పెట్టినది కీర్తనవాఙ్మయము.

బ్రాహ్మణకుటుంబమునఁ బుట్టి, 1833లోఁ గటకమున బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరి (1803-1890) రాగతాళబద్ధముగాఁ బెక్కు క్రైస్తవకీర్తనలు రచించెను. వానిలోఁ బెక్కింటికి సంబోధనమే ప్రాణము. సంబోధనమునకు భర్తృహరి వాక్యపదీయమునఁ జెప్పిన లక్షణ మిచ్చట స్మరింపఁదగినది: ముందే సిద్ధుఁడై యున్నవానిని అభిముఖునిఁ జేసికొనుట మాత్రమే సంబోధనము. పిలుపు లేనివానిని బుట్టింపదు, దూరమున నున్నవానిని మోసికొని రాదు. ఉన్నవానికిని దనకును మొగములు కలుపును. భక్తకవి దేవుని బిలుచుటయు నట్టిదే. దేవుఁడు ముఖమును మఱుఁగుచేయునను భయము దావీదు కీర్తనలలోఁ గలదే యని యాక్షేపింపవచ్చును. నిజమే. కాని యా భయమును జెప్పువాఁడు గూడ దేవుని సంబోధించియే చెప్పుచున్నాఁడు. సంబోధించుటకుఁ దానీవలకుఁ దిరుగక తప్పదు. ప్రతిచరణము పిమ్మటఁ బల్లవికి మరలవలసిన కీర్తనరూపము సయితము ఈ తిరుగుటకే యనుకూలించినది. హృదయమును దెఱచియుంచుట యన నీ యాభిముఖ్యమే.

ఇఁక నుజ్జీవము. ఉత్ అను నుపసర్గతోఁ గూడిన జీవధాతువునకు, పడినది లేచి మరల బ్రదుకుట యని యర్థము. శ్రీవైష్ణవసంప్రదాయమున నాత్మోజ్జీవనమను వ్యవహారము చిరకాలముగాఁ గలదు. ఒకప్పుడు బ్రదికి సొమ్మసిలినదానికే యీ మాట చెల్లును. వేల్సుదేశమున 1904లోఁ బొడమి, 1905లో ఖాసీకొండలకుఁ బ్రాఁకిన యుద్యమము అదివఱకే యున్న సంఘములను గదలించినది గావున నుజ్జీవమనఁ దగును. ఒంగోలు బాప్తిస్టు మిషనువారు కఱవుకాలమున బాప్తిస్మములను నిలిపియుంచి, పిదప 1878 జూలై 3వ తేదిని గుండ్లకమ్మలో నొక్కదినమున 2,222 మందికి బాప్తిస్మ మిచ్చిరి. అది మహావృత్తాంతమే, కాని క్రొత్తగాఁ జేరినవారి విషయమున దానికి జన్మమను పేరు తగును. ఈ భేదమును బాటింపనిచో సంఖ్యయే యుజ్జీవమునకుఁ బ్రమాణమను భ్రమ కలుగును.

మఱియు జీవధాతు వకర్మకము. 85వ కీర్తనలోని ప్రార్థన మాత్రము ప్రేరణార్థకము: దేవుఁడే మరల బ్రదికింపవలెనని భక్తులు వేఁడుచున్నారు. అకర్మకధాతువునకుఁ బ్రేరణార్థమున ణిచ్చు చేరినప్పుడు మొదటి కర్త కర్మ యగునని పాణిని శాసించెను. దేవదత్తుఁడు కూర్చుండును; యజ్ఞదత్తుఁడు దేవదత్తునిఁ గూర్చుండఁబెట్టును. అట్లే భక్తుఁడు బ్రదుకును. దేవుఁడు భక్తుని బ్రదికించును. నిన్నటి కర్త నేఁడు కర్మ యగుటకు సమ్మతించుటయే యిందలి కీలకము. అయినను కూర్చుండఁబెట్టఁబడిన దేవదత్తుఁడు కూర్చుండుట మానఁడు. బ్రదికింపఁబడిన భక్తుఁడును బ్రదుకుట మానఁడు. కర్మత్వము జడత్వము గాదు. సభలను మనుష్యులు జరుపవచ్చును; ఉజ్జీవమును జరుపుదుమనువారు దేవుని హేతుకర్తృత్వమును దమపై వేసికొనుచున్నారు.

ఈ రెండు శబ్దములును గలియు చోటు ప్రకటన గ్రంథము మూఁడవ యధ్యాయము. తలుపునొద్ద నిలిచి తట్టువాఁడు అచ్చటఁ గలఁడు. ఆ మాట యవిశ్వాసులకుఁ గాక, నులివెచ్చనై చల్లారుచున్న లవొదికయ సంఘమునకుఁ జెప్పఁబడినది. తట్టువాఁ డప్పటికే సన్నిహితుఁడు. లోపలివాఁ డొకప్పుడు బ్రదికినవాఁడు. తలుపు తీయుట లోపలివాని పని, ప్రవేశించి బ్రదికించుట వెలుపలివాని పని. క్రొత్తకీర్తనములు రచించువారు ఈ విభాగమును దలఁచి యీ రెండు మాటలను వాడుదురేని, అవి మరలఁ దమ యర్థమును దాము చెప్పఁగలవు.