ఒక పేరు, ఐదు పేజీలు

తెలుగు వికీపీడియాలో ‘అనకాపల్లి’ అని వెతికితే పట్టణం, మండలం, జిల్లా, శాసనసభ నియోజకవర్గం, లోక్‌సభ నియోజకవర్గం అన్నీ అదే పేరుతో ఎదురొస్తాయి. అనకాపల్లి కాలేజీ పిల్లలకు నెట్‌లో సమాచారం వెతకడం నేర్పాలంటే ఇంతకంటే మంచి తొలి పాఠం నాకు కనబడలేదు. తమకు కావలసింది ఏ అనకాపల్లో ముందు తేల్చుకోవాలి. ఆ పని సులువు చేయడానికే ‘అయోమయ నివృత్తి’ పేజీలున్నాయి. ఒకే పేరున్న వాటన్నిటినీ ఒకచోట పేర్చి, ఒక్కొక్కటీ ఏమిటో ఒక్క ముక్కలో చెబుతాయి. ‘దారిమార్పు’ పని ఇంకా నిశ్శబ్దంగా సాగుతుంది. ఒక పేరును ఎవరైనా వేరే రకంగా రాస్తారని ముందే ఊహించి, వాళ్లను సరైన పేజీకి చేర్చేస్తుంది.

రెండో మెట్టు, మాటను జోడించడం. అనకాపల్లి దగ్గరి బౌద్ధ క్షేత్రం బొజ్జన్నకొండ ఉన్న ఊరు శంకరం. ఒట్టి ‘శంకరం’ అని కొడితే మనుషుల పేర్లు కూడా కుప్పగా వస్తాయి. పక్కన ‘బౌద్ధ’ చేరిస్తే రాతిని తొలిచి చేసిన స్తూపాల దగ్గరికి దారి దొరుకుతుంది.

నన్ను బాగా ఆకట్టుకునేది ‘చరిత్ర’ ట్యాబు. పేజీలో ఎవరు ఏ మార్పు చేసినా తేదీ, సమయం, చేసినవారి గుర్తింపుతో అక్కడ చేరుతుంది. పాత కూర్పు చెరిగిపోదు. రెండు కూర్పులు ఎంచుకుని తేడా చూపమంటే ఎడమవైపు పాతది, కుడివైపు కొత్తది వస్తాయి, మారిన మాటలకు రంగు పడుతుంది. అనకాపల్లి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అంతకుముందు ఇదంతా విశాఖపట్నం జిల్లా. పట్టణం పేజీలో ఆ తేదీకి ముందు కూర్పొకటి, తర్వాతి కూర్పొకటి తీసి పక్కపక్కన పెట్టమంటే, సమాచారానికి కూడా కాలం ఉంటుందని పిల్లలకు కళ్లారా తెలుస్తుంది. 2003 డిసెంబరులో మొదలైన ఈ తెలుగు విజ్ఞాన సర్వస్వం తన దిద్దుబాట్లను దాచుకోదు. అచ్చు పుస్తకానికి ఈ వీలు లేదు.

ఇక వాక్యం చివర చిన్న అంకె. దాన్ని నొక్కితే కింద ‘మూలాలు’ దగ్గరికి వెళతాం. పిల్లలు ఎక్కువగా దాటేసేది దీన్నే, నేర్పేవాళ్లు ఎక్కువసేపు ఆగాల్సిందీ ఇక్కడే. జిల్లా జనాభా సంగతి తీసుకోండి. జిల్లా పుట్టింది 2022లో, దానికి చెప్పే జనాభా మాత్రం 2011 జనగణన నాటిది. అప్పటికి లేని జిల్లాకు అప్పటి జనాభా ఎక్కడిది? ఈ ప్రశ్న పిల్లల నోటే రావాలి. జిల్లాలోకి వచ్చిన ప్రాంతాల 2011 అంకెలు కూడితే వచ్చిన మొత్తమది. ఏర్పడినప్పుడు జిల్లాలో 24 మండలాలు. ఆ జాబితా, పాత జనగణన పట్టికలు ముందు పెట్టి పిల్లల చేతే కూడించాలి. మొత్తం కలవకపోతే ఆ లెక్కతో సహా జిల్లా వ్యాసానికి ఉన్న ‘చర్చ’ పేజీలో అడగమనాలి.