ఎడో నగరపు అచ్చుబొమ్మలు

టోక్యో మహానగరమునందలి జింబోచో వీథిలో పాతపుస్తకముల అంగళ్లు పెక్కు వీథికి దక్షిణపు దరినే నిలిచి ఉత్తరాభిముఖములై యున్నవి. ఎండ పొడ సోకినచో కాగితము వన్నె తప్పునను భయముచేత వర్తకులు ఈ ఏర్పాటు చేసికొనిరని మా మేనకోడలు చెప్పినప్పుడు, పుస్తకము కొరకు సూర్యునికి వీపు చూపిన ఆ వీథిపై నాకు ఎనలేని గౌరవము కలిగినది. ఆమె ఆ నగరమున కొలువు చేయుచు, మనదేశపు కుటుంబములు మెండుగా కాపురముండు నిషికసాయి పేటలో ఇల్లు తీసికొని యున్నది. ఏప్రిల్ చివరను మే మొదటను అచ్చటివారికి వరుసగా వచ్చు సెలవుదినములలో ఊరు చూపింతునని నన్ను పిలిపించుకొన్నది. ఆకాశము నంటు మేడలను, అద్దాల అంగళ్లను చూచుటకు సిద్ధపడి వచ్చిన నాకు, రెండవనాటి మధ్యాహ్నమున ఆ వీథిలోని ఒక ఇరుకు కొట్టులో, బల్లక్రింది పలుచని సొరుగులో, ఆ నగరమే కాగితముల దొంతరగా కనబడినది.

సొరుగు లాగిన వృద్ధవర్తకుడు పటమును నా చేతి కీయలేదు. రెండు చేతులతో ఎదురెదురు మూలలు పట్టి యెత్తి, బల్లపై పరచి, కొంతసేపు నన్ను చూడనిచ్చి, పిమ్మట మెల్లగా వెనుకకు త్రిప్పెను. ముందరివైపు గుండ్రని వీపుగల వంతెన యున్నది, చెరువున్నది, పైనుండి వ్రేలాడు ఊదాపూల గుత్తులున్నవి; వెనుకవైపు ఆ నీలమును ఆ ఊదాయు కాగితపు నారల గుండ దిగివచ్చి మసకగా కానవచ్చుచుండగా, వానిపై వలయములు వలయములుగా ఒత్తిడి జాడలు కలవు. యంత్రమున అచ్చైన బొమ్మకు వెనుకవైపు వట్టి తెలుపే యుండును. ఇచ్చట రంగు పైపూతగా నిలువక కాగితపు మేనిలోనికి ఇంకినది.

“ఇది కాపీయే కదా మామయ్యా? అసలు బొమ్మ ఏ మ్యూజియంలోనో ఉంటుంది కదా?” అని మా అమ్మాయి మెల్లగా అడిగినది.

ఆ ప్రశ్న ఎవరికైనను తోచునదే. వర్తకుడు దాచక చెప్పినట్లు, ఆ పటము దానిని గీసిన చిత్రకారుడు హిరోషిగే కాలమునాటిది కాదు. ఆయన పటము ననుసరించి గత శతాబ్దమున మరల చెక్కిన పలకలతో, పూర్వపద్ధతిని చేతితో అద్దినది. నాటి పటములు నా తాహతుకు మించినవి. అయినను అసలు బొమ్మ యెక్కడ నున్నదని వెదకబోవు వానికి ఈ విద్యలో ఒక విచిత్రము ఎదురగును: అట్టి బొమ్మ లేదు. ఎందుకు లేదో తెలిసికొన్నచో ఈ కళ మర్మము చాలవరకు తెలిసినట్లే.

చిత్రకారుడు పలుచని కాగితముపై నల్లసిరాతో గీతలు మాత్రమే గీయును. ఆ కాగితమును అడవిచెర్రీ చెక్కపలకపై బొమ్మవైపు క్రిందికి వచ్చునట్లు జిగురుతో అంటించి, పై పొరను వ్రేలికొనతో రుద్ది తీసివేసినచో గీతలు చెక్కపై స్పష్టముగా తేలును. చెక్కువాడు ఒక్కొక్క గీతకు ఇరుప్రక్కల కత్తి నడిపి, గీత నిలిచి తక్కిన దంతయు పోవునట్లు పలకను తొలచును; ఆ తొలచుటతోనే కాగితమును పోవును. చిత్రకారుని చేతి గీత చెక్కలోనికి ప్రవేశించుటకై తాను నశించును. కావున, టోక్యో నగరము ఎడో అను పేరుతో నున్న కాలమున అచ్చైన పటమునకైనను మూలచిత్ర మనునది మిగిలి యుండదు. పలకనుండి వెడలిన ప్రతి కాగితమును మూలమే.

చెక్కువాని పనితన మెట్టిదో హిరోషిగే వానపటమున చూడవలెను. సుమిదా నదిపై షిన్-ఓహషి వంతెనమీద నడచువారిపై వేసవి సాయంకాలపు వాన ఉన్నట్టుండి విరుచుకొనిపడుచున్నది. గొడుగుల చాటున కొందరు, తల కప్పుకొని కొందరు, నడుము వంచి పరుగిడుచున్నారు. ఎదుటి దరి బూడిదవన్నెలో కరగిపోవుచున్నది. ఆ ధారలు గీయుట చిత్రకారునకు కొద్ది నిమిషముల పని. చెక్కువానికో, ప్రతి ధారయు వెండ్రుకవంటి చెక్కగట్టుగా నిలువవలెను. ధారకును ధారకును నడుమనున్న చెక్కయంతయు తొలగవలెను. ఎక్కడనైనను కత్తి జారెనా, ఆ ధార మరల రాదు. పైగా ఆ వానకు పలక యొకటి చాలదు. ఒకదానిపై ఒక వాలున, రెండవదానిపై ఇంచుక వేరొక వాలున చెక్కి, రెండింటిని ఒకదానిమీద నొకటి అద్దినందుననే ఆ వాన గాలికి కదలు నీరుగా తోచును. 1887లో వాన్ గో ఈ పటమును ముందుంచుకొని తైలవర్ణములతో అనుకరించినాడు. ఆ మహాచిత్రకారుని కుంచె క్రింద వాన చిక్కబడినది గాని, చెక్కపై నిలిచిన ఆ సన్నదనము దానికి రాలేదని నా యభిప్రాయము.

గీతలపలక సిద్ధమైన పిమ్మట నల్లని ప్రతులు కొన్ని తీసి చిత్రకారునకు పంపుదురు. ఆయన ఒక్కొక్క ప్రతిపై ఒక్కొక్క రంగు చోటు గుర్తించి యిచ్చును. వానిని మరల పలకల కంటించి రంగుల పలకలు చెక్కుదురు. ఇన్ని పలకలపై వేర్వేరుగా అద్దిన రంగులు వెంట్రుకవాసి తప్పక గీతలలో ఒదుగుట యెట్లు? పలక అంచున ఒక మూల కోణాకారముగను, దానికి కొంతదూరమున తిన్నగను రెండు చిన్న గంట్లు చెక్కుదురు. వానికి కెంతో అని పేరు. కాగితపు మూలను మొదటిదానిలోను అంచును రెండవదానిలోను ఆనించి పరచినచో ప్రతి పలకపైనను కాగితము ఒకే చోట వ్రాలును. ఆ వర్ణవైభవమంతయు ఇంత చిన్న ఉపాయముపై ఆధారపడి యున్నది. 1765 ప్రాంతమున సుజుకి హరునోబు అను చిత్రకారుని చేతిలో ఈ పద్ధతి పూర్ణత నొంది, పెక్కు రంగుల పటములకు నిషికి-ఎ, అనగా జరీపట్టువంటి చిత్రములు, అని పేరు వచ్చెను.

కృష్ణాజిల్లా పెడనలో కలంకారీ అద్దకము చూచిన కన్నులకు ఇది సగము తెలిసినట్లే యుండును. అచ్చటను గీతల అచ్చు వేరు, రంగు నింపు అచ్చులు వేరు. టేకుచెక్కపై పూలను లతలను చెక్కు చేతులు అచ్చటను కలవు. భేదమేమనగా, మనవారు పరచిన బట్టపైకి అచ్చును తెచ్చి ఒత్తుదురు. జపానువారు పలకను వెల్లకిల నుంచి దానిపైకి కాగితమును తెత్తురు. మనది కంటి కొలత, వారిది గంటి కొలత. మన కోరమాండల్ తీరమునుండి డచ్చివారి ఓడలలో పోయిన అద్దకపు గుడ్డలను జపానువారు సరస యని పిలిచి, తేనీటి ఉపచారములందలి విలువైన పాత్రలకు సంచులుగా కుట్టి దాచుకొనిరి. మచిలీపట్నపు గుడ్డకును ఎడో కాగితమునకును చుట్టరికము కలుపుట నా ఉద్దేశము కాదు గాని, పసుపు, కుసుమపువ్వు, నీలి అను మూడు పేర్లు వారి పూర్వపు రంగుల పట్టికలో విన్నప్పుడు నాకు పరాయిదేశమున నున్నట్లు తోచలేదు.

ఆ పేర్లు విన్నది అసకుసా సమీపమున ఒక పనిశాలలో. అద్దకము చేయు యువతి పలకపై కుంచెతో రంగునీటిని బియ్యపుపిండి జిగురును కలియరాచి, ముందుగా తడిపి యుంచిన కాగితమును గంట్ల కానించి పరచి, దానిపై బరెన్ అను బిళ్లతో ఒత్తి రుద్దుచుండెను. వెదురు పొత్తి నారను త్రాడుగా పేని, ఆ త్రాటిని అరచేయి యంత చక్రముగా చుట్టి, పైన మరల వెదురు పొత్తినే తొడిగి ముడివేసిన పరికరము బరెన్. ఆ త్రాటి కణుపులు ఒక్కొక్కటి కాగితమును పలకకు నొక్కును. జింబోచోలో పటము వెనుక నేను చూచిన వలయములు ఈ చేతి నడక జాడలే. కాగితము కోజో అను మల్బరీజాతి చెట్టు నారతో చేసినది. పొడుగు నారలు పెనవేసికొని యుండుటచే పది యిరువది మారులు ఒత్తిడి తినియు చినుగదు.

అన్నిటికంటె నా మనస్సును దోచినది బొకాషి. ఆకాశము పై అంచున గాఢనీలముగా మొదలై, దిగుకొలది పలుచనై, తుదకు తెలుపులో కలియు ఆ ఛాయ పలకపై చెక్కబడి యుండదు, పలక సమతలమే. తడిగుడ్డతో పలకను తుడిచి, కుంచెకు ఒక ప్రక్కనే రంగు తాకించి, అడ్డముగా లాగుటలో చేతి కెంత తెలిసినదో అంతయే ఆ ఛాయ. అనగా ప్రతి కాగితమునకును ఆకాశమును మరల మొదటినుండి సృష్టింపవలెను. ఒకే పలకపై పుట్టిన రెండు పటములలో రెండు ఆకాశములు. ఆ నీలము బెర్లిను నగరమున పుట్టిన రసాయనవర్ణము. జపానులో దానికి బెరో-ఆయి అని పేరు. 1830 ప్రాంతమున అది ఎడోలో విరివిగా లభించుటతోనే చిత్రకారుడు హొకుసాయ్ ఫ్యూజీ పర్వత దృశ్యములకును, హిరోషిగే నదులకును ఆ లోతు వచ్చినది. ఇక మంచు పటములలో మంచు తరచుగా అద్దక విడిచిన వట్టి కాగితమే. ఎక్కడ చేయి పెట్టకూడదో ఎరిగినవాడే పనివాడు గదా.

ఇంతటి పనితనము ఆస్థానముల కొరకు పుట్టలేదు. పటము వెల నాడు ఒకటి రెండు గిన్నెల సోబా నూడుల్సు వెలకు మించదు. చిత్రకారుని, చెక్కువానిని, అద్దువానిని కూర్చి పెట్టుబడి పెట్టువాడు ప్రకాశకుడు; సరకు నిలిచిపోయినచో నష్ట మాతనిదే. ఎడో జనసంఖ్య అప్పటికే పదిలక్షలకు చేరినది. వంతులవారీగా రాజధానిలో నివసింపవలసిన సామంతుల పరివారములును, గుడులు చూడవచ్చిన యాత్రికులును, తిరుగుప్రయాణమున మూటలో బరువు కానిది, ఊరిలో నలుగురికి పంచదగినది ఏమున్నదని వెదకి, ఈ పటములు కొనుక్కొని పోయెడివారు. తిరుపతి పోయివచ్చిన మనవారు శ్రీనివాసుని పటము తెచ్చి బంధువుల కిచ్చుట వంటిదే యిది. ఊరు చూచివచ్చిన సంతోషమును కాగితముగా మడచి యింటికి చేర్చు విద్య కనుకనే దీనియందు నాకు ఇంత మక్కువ.

హిరోషిగే 1797లో ఆ ఎడోలోనే, నగరమును అగ్నినుండి కాపాడు ఉద్యోగుల యింట పుట్టినాడు. 1855లో పెద్ద భూకంపము వచ్చి నగరము కూలగా, మరుసటి యేడు ఆయన నూరు ఎడో దృశ్యముల మాలికను ఆరంభించెను. ఉఓయా ఎయికిచి ప్రకాశకుడు. 1858లో కలరా చెలరేగిన కాలమున ఆయన మరణించునాటికి గీసినవి 118. వెడల్పుగా సాగవలసిన నగరదృశ్యమును నిలువు కాగితమున ఇమిడ్చి, కంటికి అతిచేరువ వస్తువు నొకదానిని పెద్దదిగా, అంచున తెగిపోవునట్లు నిలిపి, దాని సందునుండి దూరమును చూపుట ఆయన ఒడుపు. తలుపు చాటునుండి వీథిని చూచిన బాల్యము అందరికిని కలదు. అందువలన ఆ పటముల ముందు మనము ప్రేక్షకులము గాక ఆ ఊరివారమే యగుదుము.

మరునాటినుండి నేను ఊరు చూచిన తీరే మారినది. అసకుసాలోని సెన్సోజి ఆలయపు సింహద్వారమున ఎర్రని మహాదీపము దాదాపు నాలుగు మీటర్ల పొడవున వ్రేలాడుచున్నది. హిరోషిగే దాని అడుగుభాగమును మాత్రము పటము నెత్తిన నిలిపి, దానిక్రిందినుండి మంచు కప్పిన ఆలయమును, గోపురమును చూపినాడు. భూకంపమున ఆ గోపుర శిఖరము వంగినది; 1856 నాటి పటమున అది తిన్నగా నిలిచి యున్నది. ఆ ద్వారము 1865లో దగ్ధమై, తిరిగి 1960లో గాని లేవలేదు. ఆ 95 ఏండ్లు అది కాగితముపై నిలిచియుండెను. నిహోన్‌బషి వంతెనయొద్ద మాత్రము ఎక్కువసేపు నిలువలేకపోతిని. 1911 నాటి రాతివంతెన చక్కనిదే గాని, దాని నెత్తిమీదుగా 1963లో వేసిన మోటారు దారి ఆకాశమును మూసివేసినది. ఆయన పటమున ఆ వంతెనకు ఆవల ఫ్యూజీ కొండ కనబడును.

కమెయిదో తెంజిన్ ఆలయమునకు పోయినది సెలవుల చివరినాడు. జింబోచోలో నేను కొన్న పట మా చోటిదే. చదువుల దేవతగా పూజలందుకొను పండితుడు సుగవరా నో మిచిజనే అచ్చట కొలువై యున్నాడు; పరీక్షలు గట్టెక్కవలెనని పిల్లలు వ్రాసి కట్టిన చెక్కముక్కలు గుత్తులు గుత్తులుగా వ్రేలాడుచున్నవి. వంతెన మరల కట్టినదే, కొయ్యది కాదు. చెరువు చుట్టును జనము. ఆవల ఎత్తైన కట్టడములు. అయినను పందిళ్లనుండి ఊదాపూల జడలు నీటివైపు దిగుచున్నవి. నేను పటమును చుట్టవిప్పి, పూల క్రిందనుండి వంతెన కనబడు చోటు వెదకుచు, ఒక అడుగు వెనుకకు, రెండడుగులు ఎడమకు వేసి, పందిరి స్తంభము చెంత వంగి నిలిచితిని. గుత్తులు కన్నుల ముందు దిగినవి. వాని సందున వంతెన వీపు తేలినది. అంత వంగినగాని ఆ దృశ్యము దొరకదు. నూట అరువది యేండ్లకు పైగా పూర్వము ఒక మనిషి ఇచ్చటనే ఇట్లే వంగెనని నా నడుముకు తెలిసినది. మా అమ్మాయి పటమును నా చేతినుండి తీసికొని, తానును వంగి చూచి, చాలసేపు లేవలేదు. కాపీ యను మాట ఆమె నోట మరల రాలేదు. అచ్చటికి చేరువనే వాన్ గో అనుకరించిన మరియొక పటమునందలి ప్లమ్ పూల తోట యుండెడిది. 1910 వరదలో చెట్లు పాడై, నేడొక శిలాఫలకము మాత్రము మిగిలినది.

సాయంకాలము తోజాయి భూగర్భరైలులో నిషికసాయికి మరలుచుంటిమి. ఆ వర్తకుని సొరుగులో మేము చూచి, వెలకు వెరచి విడిచిన మరియొక పటము ఆమె మనస్సున మెదలినట్లున్నది: సముద్రపు దరి బురదనేలలపై, మంచు కప్పిన నిర్జనమున, రెక్కలు చాచి పైనుండి నేలను చూచు మహాగృధ్రము, దూరాన త్సుకుబా కొండ, నీటిపై ఒంటరిగా తేలు కొయ్యతొట్టి. ఆ పక్షి ఈకలకు అభ్రకపు మెరుపును, గోళ్లకు జిగురు నిగనిగను ఎడోనాటి మేలుప్రతులలో అద్దిరి.

“ఆ గద్ద బొమ్మలో ఊరు ఎక్కడ మామయ్యా? చాలా దూరమా?”

“జూమంత్సుబో అంటారు తల్లీ. ఇదిగో, ఇప్పుడు మన నెత్తిమీదే ఉంది.”

ఆమె తలయెత్తి రైలుపెట్టె కప్పువైపు చూచినది. తోయోచో స్టేషనులో తలుపులు తెరచుకొన్నవి. కొందరు దిగిరి, కొందరెక్కిరి. ఆమె యింకను పైకే చూచుచుండెను.