మీటరు పడుకోదండి

అమలాపురం పక్కన బండారులంకలో ఒక మేడగది. కింద గదిలో ఒకప్పుడు గుంట మగ్గం ఉండేది. గుంట పూడ్చి గచ్చు చేయించారు గానీ, ఇప్పటికీ అక్కడ అడుగు వేస్తే కాస్త బోలుగా మోగుతుంది. పైన బల్ల మీద ఒక నల్ల పెట్టె, ఇంట్లోనే కట్టిన కంప్యూటర్. దాన్ని చూడటానికే వెళ్లాను. కట్టిన కుర్రాడు మాకు దూరపు చుట్టం, హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ రాస్తాడు. పేరు రాయొద్దన్నాడు.

పెట్టె విప్పకముందు పద్దు పుస్తకం తీశాడు. నా లెక్కన పనితనం అక్కడే మొదలైంది. కొనడానికి ముందు కొన్నాళ్లు క్లౌడ్‌లో యంత్రం అద్దెకు తీసుకుని వాడాడు. ఎప్పుడు తెరిచాడో, ఎప్పుడు ఆపాడో రోజూ రాసుకున్నాడు. ఎనిమిది కోర్లు, 32 జీబీ మెమరీ ఉన్న యంత్రానికి గంటకు సుమారు 40 సెంట్లు. డాలరు 85 రూపాయలనుకుంటే, రోజుకు తొమ్మిది గంటలు, నెలకు 22 రోజులు వాడితే 6,700 పైచిలుకు. ఆపకుండా వదిలేస్తే 24,500 దగ్గరికి పోతుంది. ఒక సంక్రాంతికి ఆపడం మరిచిపోయి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాడట. నాలుగు రోజులకు 3,264 రూపాయలు ఎవరూ వాడని యంత్రానికి పోయాయి.

"అద్దె తప్పని కాదండి మావయ్యగారూ," అన్నాడు. "మనం పడుకున్నా మీటరు పడుకోదండి. ఆయ్!"

సొంత యంత్రానికి లక్షన్నర అయింది. కరెంటు అవే 22 రోజులు, రోజుకు తొమ్మిది గంటలు, 150 వాట్ల లెక్కన, నెలకు 30 యూనిట్లు. యూనిట్ తొమ్మిది రూపాయలు వేసుకున్నా 270. బుద్ధిగా ఆపుతూ వాడే అద్దెతో పోలిస్తే పెట్టుబడి తిరిగి రావడానికి 23 నెలలు పడుతుంది. మరిచిపోయే మనిషికైతే ఆరు నెలలు చాలు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన రాసి, తను ఏ రకం మనిషో నిజాయితీగా తేల్చుకున్నాడు చూడండి, అది నాకు నచ్చింది. గిట్టుబాటు కాని వరికి 2011 ఖరీఫ్‌లో పంట విరామం ప్రకటించిన సీమ ఇది. ఖర్చు లెక్క ఇక్కడి వాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు.

అయితే ఆ పోలికలో ఒక మెలిక ఉంది. క్లౌడ్ బిల్లు మీద ఎనిమిది అని కనిపించేవి చాలాసార్లు నిజానికి నాలుగు కోర్లే. ఒక్కో దాన్ని రెండుగా లెక్కిస్తారు. ఇతని పెట్టెలో ఉన్నవి పదహారు అసలు కోర్లు, 64 జీబీ మెమరీ. డిస్కు తేడా ఇంకా పెద్దది. అద్దె యంత్రపు డిస్కు సాధారణంగా నెట్‌వర్క్ అవతల ఉంటుంది. అదనంగా కట్టకపోతే సెకనుకు మూడు వేల చదువు-రాతలతో సరిపెట్టుకోవాలి. మదర్‌బోర్డుకే బిగించిన ఎన్‌వీఎంఈ డిస్కు లక్షల్లో చేస్తుంది. ప్రోగ్రామర్ పనంతా వేలకొద్దీ చిన్న ఫైళ్లు తెరవడం, మూయడం కాబట్టి వేగం ముందు తెలిసేది ఇక్కడే. పైగా అద్దె యంత్రం ఉండే ముంబయి ఇక్కడికి వెయ్యి కిలోమీటర్లు. గాజుతీగలో వెలుగు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోయినా, రానూ పోనూ పది మిల్లీసెకన్లు ఎవరూ తగ్గించలేరు.

ఇక పెట్టె. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి తోస్తాయి, వెనక ఒక్కటే బయటికి లాగుతుంది. లోపల గాలి ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉంటే సందుల్లోంచి దుమ్ము దూరదు. గాలి వచ్చే చోట దోమతెర గుడ్డ కత్తిరించి చట్రంలో బిగించాడు, నెలకోసారి ఉతుకుతాడు. సముద్రపు తడిగాలికి మరలు చిలుం పట్టకుండా స్టీలువి ఏరి వేశాడు. ప్రతి తీగకూ చీటీ. ఇంత పొందికగా కట్టిన పెట్టె దుకాణాల్లో నాకు కనబడలేదు.

కంటికి కనబడని పనితనం ఇంకా గొప్పది. ఒక్క ఆదేశం ఇస్తే డేటాబేసు, ఉత్తుత్తి మెయిల్ సర్వరు, ఫైళ్ల గిడ్డంగి అన్నీ ఈ పెట్టెలోనే లేస్తాయి. కావలసిన ప్యాకేజీలన్నిటికీ ఇక్కడే నకళ్లున్నాయి. నా ఎదురుగానే నెట్ తీగ పీకేసి పరీక్షలన్నీ నడిపాడు. అల్లం టీ సగం గ్లాసు అయ్యేసరికి అన్నీ పచ్చగా వచ్చాయి.

తీగ పీకి చూపించడం వేడుకకి కాదు. 2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో గొడవలయ్యాక కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. రోజుల తరబడి రాలేదు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ వెతుక్కుంటూ గోదావరి గట్ల మీదికి ల్యాప్‌టాప్‌లు మోసుకెళ్లారు. ఇతనూ వెళ్లాడు. పనంతా అవతలి యంత్రంలో ఉండిపోయింది మరి. ఇప్పుడు అలాంటి రోజు వస్తే, రాసిన కోడు పంపడానికి మాత్రమే గట్టెక్కాలి.

అమెరికాలో థర్టీసెవెన్ సిగ్నల్స్ కంపెనీ కూడా క్లౌడ్ వదిలింది. 2022లో 32 లక్షల డాలర్లున్న దాని బిల్లు, సుమారు ఏడు లక్షల డాలర్ల సర్వర్లు కొన్నాక, 2024కి 13 లక్షలకు దిగింది. దీన్ని చూపి అందరూ కొనేయండనే వాళ్లతో నాకు పేచీ. ఆ కంపెనీకి అప్పటికే డేటా సెంటర్లో చోటు, మనుషులు ఉన్నారు.

మనవాడి పనిలోనూ ఒక లోపం కనబడింది. బ్యాకప్ డిస్కు అదే గదిలో, బీరువాలో ఉంది. 1996 నవంబరు 6 తుపాను కొబ్బరితోటల్ని నేలకూల్చిన చోట అది బ్యాకప్ ఎలా అవుతుంది? చెబితే తల గోక్కున్నాడు. మర్నాటికి రెండో నకలు క్లౌడ్‌లోకి ఎక్కించాడు, అద్దెకే.

2025 చివర్లో మెమరీ ధరలు మండిపోయాయి కాబట్టి, కొత్తగా కొనేవాళ్లకు ఆ లక్షన్నర లెక్క పనికిరాదు. మీ గంటలు మీరే రాసుకోండి.

వచ్చేముందు పుస్తకంలో ఆ నెల అద్దె పద్దు చూశాను. కంపెనీ సైటు ఎంతమంది తాకిడి తట్టుకుంటుందో చూడటానికి 96 కోర్ల యంత్రం తీసుకున్నాడు, వరికోత మిషను పిలిచినట్టు. రెండు గంటలు, 782 రూపాయలు. పక్కనే ఎర్ర సిరాతో: "ఆపాను."