దేవదాసు శవాన్ని మోసిందెవరు?

తెలుగు సినిమా చరిత్ర రాసే ప్రతివాళ్లూ 1953 నాటి ‘దేవదాసు’ దగ్గర కాసేపు ఆగుతారు. వేదాంతం రాఘవయ్య దర్శకత్వం, అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రిల నటన, సుబ్బరామన్ బాణీలు, ఘంటసాల గొంతు - వీటి మీద ఇప్పటికే ఎంతో రాశారు. మేం అడగదలచుకున్న ప్రశ్న వేరు. ఆ కథలో దేవదాసు సచ్చిపోయినంక అతని శవాన్ని మోసిందెవరు?

దీనికి జవాబు శరత్‌చంద్ర చటర్జీ నవలలోనే ఉంది. 1917లో పుస్తకంగా వచ్చిన ఆ నవలలో దేవదాసు బ్రాహ్మణ జమీందారు కొడుకు. పార్వతి అత్తగారి ఇంటి ముందర చెట్టు కింద ప్రాణం విడుస్తాడు. పీనుగను ముట్టడానికి ఊళ్లో ఎవ్వరూ ముందుకు రారు. చివరికి చండాలులు వచ్చి కట్టి మోసుకుపోతారు. ఎండిన చెరువు గట్టున సగం కాలిన శరీరం కాకులకూ నక్కలకూ మిగులుతుంది. మోసినవాళ్లకు పేరు లేదు, నోట మాట లేదు. వాళ్లను రచయిత అక్కడికి తెచ్చింది నాయకుడి పతనం ఎంత లోతుకు పోయిందో చూపెట్టే కొలతగా మాత్రమే. జమీందారు బిడ్డకు ఇంత దిక్కుమాలిన సావు వచ్చిందే అని పాఠకుడు ఏడ్వాలె. ఆ దిక్కుమాలినతనంలో ఒక భాగం చండాలుడి చెయ్యి తగలడం. ఇది మన విమర్శకుల కంట పడలేదంటే, చదివే కన్ను ఎవరిదో అర్థమవుతనే ఉంది.

సినిమాలో ఈపాటి చోటు కూడా వాళ్లకు దక్కలేదు. తెలుగు ప్రేక్షకుడి మనసులో మిగిలిన ముగింపు పార్వతి పరుగు, మూసుకున్న తలుపు. 1974లో విజయనిర్మల దర్శకత్వంలో కృష్ణతో మళ్లీ ‘దేవదాసు’ వచ్చింది. అప్పుడూ దుఃఖం ఆ ఇద్దరిదే.

సినిమాకు నిడివి ఉంటది, నవలలో చివరి పేజీ వదిలేస్తే నేరమా అని అడగొచ్చు. ఒక్క సినిమా అయితే ఒప్పుకుందుం. ఎంపికల వరుస చూడండి. 1957లో ఆదుర్తి సుబ్బారావు ‘తోడికోడళ్ళు’కు మూలం ‘నిష్కృతి’. 1961లో రామకృష్ణ ‘బాటసారి’కి మూలం ‘బడదీదీ’. అదే ఏడు ఆత్రేయ ‘వాగ్దానం’కు మూలం ‘దత్త’. ఉమ్మడి కుటుంబాలు, ఆస్తులు, ఇచ్చిన మాటలు, నోరు విప్పని ప్రేమలు. ‘బాటసారి’లోని వితంతువు దుఃఖం నిజమైనదే, దాన్ని మేం తక్కువ చేయడం లేదు. ‘తోడికోడళ్ళు’లో కార్ల వెనక ఉన్న కష్టజీవి చెమటను గుర్తుచేసే పాట కూడా ఉంది. అయితే ఆ పాటలో శ్రమ ఉంది, కులం లేదు. ఈ సినిమాలన్నిటిలో ఏడ్చే హక్కు పెద్దింటి లోపలి మనుషులకే.

శరత్ రాసింది ఇంతేనా? కాదు. ఆయనదే ‘అభాగి స్వర్గం’ అనే కథ ఉంది. అభాగి డోలీలు మోసే దూలే కులపు ఆడమనిషి. ఊరి పెద్ద ముఖర్జీ ఇంటావిడ చితి మంటను దూరం నుంచి చూస్తుంది. ఆ పొగలో ఆమెకు స్వర్గానికి పోయే రథం కనబడుతుంది. తన కొడుకు కంగాలీ చేత అట్లనే నిప్పు పెట్టించుకోవాలని ఆశపడుతుంది. ఆమె సచ్చిపోయినంక వాకిట్లో ఆమె నాటిన మారేడు చెట్టునే కట్టెల కోసం కొట్టబోతే జమీందారు మనిషి చెంప మీద కొడతాడు. కచేరీకి పోతే చెట్టుకు అయిదు రూపాయలు కట్టమంటారు. దూలేలకు చితెందుకు అని ఎగతాళి చేస్తారు. ఆఖరికి నోటికి మండే గడ్డి తాకించి ఆమెను ఏటి ఒడ్డున పూడ్చిపెడతారు.

రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట బ్రాహ్మణుడి పీనుగకు సరిగ్గా నిప్పు అందలేదని లోకమంతా ఏడ్చింది. ఇంకోచోట నిప్పు అడగడమే తప్పయింది. రచయిత ఒక్కడే. రెండో కథ రాసిన శరత్‌కు కులం ఎట్ల పనిచేస్తదో బాగా తెలుసు. చక్రపాణి వంటి వాళ్ల అనువాదాలతో శరత్ తెలుగువాడే అన్నంతగా ఇక్కడ ఇంటింటి రచయిత అయ్యాడు. ఆ శరత్‌లోంచి మన సినిమా తనకు కావలసిన సగాన్ని తీసుకుని, అభాగిని వదిలేసింది. బెంగాలీలో 2024లో ‘ఓ అభాగి’ పేరుతో ఈ కథ తెరకెక్కింది.

పై కులాల రచయితలే దిక్కనుకోవాల్సిన పని కూడా లేదు. మాలో అనే జాలరి కులంలో పుట్టిన అద్వైత మల్లబర్మన్ తన వాళ్ల బతుకునే ‘తితాస్ ఏక్టి నదీర్ నామ్’గా రాసి 1951లో కన్నుమూశాడు. రిత్విక్ ఘటక్ 1973లో దాన్ని సినిమా తీశాడు. బెంగాలీ క్లాసిక్ అంటే ఇది కూడా. మన నిర్మాతలు బెంగాల్ వైపు చూసిన చూపు ఆ జాలరి గుడిసెల దాకా పోలేదు.

ఇది పాత సినిమాల మీద కొట్లాట అనుకుంటే పొరపాటు. ఒకప్పటి వరంగల్ జిల్లాలో, 2016 నుంచి జనగామ జిల్లాలో ఉన్న మా జఫర్‌గఢ్ వైపు ఊళ్లలో సావు కబురు మోసింది, డప్పు కొట్టింది, గుంత తవ్వింది ఎవరని అడగాల్సిన పనే లేదు. పక్క ఊరోళ్లు కూడా చెప్తరు. పెద్దింట్ల పీనుగ లేస్తే మనం కావాలె. మన పీనుగ లేస్తే బొందలగడ్డకు తొవ్వ కోసం అర్జీలు పట్టుకుని తిరగాలె. అభాగి కథ మాకు బెంగాల్ కథగా అనిపించకపోవడానికి కారణం ఇదే. మా ఇండ్లల్ల యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి తరం మేం. శరత్‌ను ఎవరి దుఃఖం దగ్గర కూర్చుని చదవాలో మా అంతట మేమే తేల్చుకోవాల్సి వచ్చింది.

అందుకే పాఠం చెప్పే మిత్రులకు ఒక మాట. క్లాసులో ‘దేవదాసు’ చెప్పండి, వద్దనం. దాని వెంట ‘అభాగి స్వర్గం’ కూడా చదివించండి. రెండు పీనుగల గురించి పిల్లల్ని మాట్లాడనివ్వండి. వెనక బెంచీ మీద కూర్చున్న పిల్ల, మా నాయిన కూడా డప్పు కొడతడు సార్ అని లేచి చెప్పగలిగిననాడు, సాహిత్య విమర్శ ఆ క్లాసులో మొదలైనట్టు.