గడప బయటి చదువు

రాజాంలో తాండ్ర పాపారాయుడి పేరు వినని పిల్లాడుండడు. 1757 నాటి బొబ్బిలి యుద్ధం ఇక్కడ ఇంటింటి ముచ్చట. ఆ కథలో తురకవాడెక్కడ? బుస్సీ పక్కన, దివాను హైదర్ జంగ్‌గా. తరతరాలుగా మేం విన్నది అంతే.

అదే బొబ్బిలికి ఇంకో కథ ఉంది. 17వ శతాబ్దంలో గోల్కొండ తరఫున శ్రీకాకుళం ఫౌజుదారుగా ఉన్న షేర్ మహమ్మద్ ఖాన్ వెంట సంస్థాన మూలపురుషుడు వచ్చాడని, ఆ ఖాన్ గౌరవార్థమే ఊరికి పేరు పెట్టాడని చెబుతారు. షేర్ అంటే పులి. పెద్దపులి, బెబ్బులి, బొబ్బిలి. ఇది ఐతిహ్యమే. తేల్చాలంటే ఫార్సీ సనదులు, మసీదు శాసనాలు, తెలుగు కైఫియతులు పక్కపక్కన పెట్టుకు చదవాలి. ఎవరు చదువుతారు? విశ్వవిద్యాలయంలో చరిత్రకో గది, తెలుగుకో గది, ఉర్దూకో గది. మా బతుకు మూడు గదుల్లోనూ చెల్లాచెదరుగా ఉంది.

దారి మన ప్రాంతంలోనే ఉంది. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో బడిపంతులు. ముఖలింగం శాసనాలు చదవడం సొంతంగా నేర్చారు. సవరల దగ్గరే కూచుని సవర భాష నేర్చారు. ఏ శాఖా ఆయనకు ఆ పని అప్పగించలేదు. దశాబ్దాల ఆ శ్రమను మద్రాసు ప్రభుత్వం 1931లో వ్యాకరణ గ్రంథంగా అచ్చేసింది. 1938లో నిఘంటువు వచ్చింది. హోదా ఆయనకు బలం కాలేదు. ఎవరైనా సరిచూసుకోగలిగేలా పని చేయడమే ఆయన బలం.

మనలోనూ పత్రికారచయిత సయ్యద్ నశీర్ అహమ్మద్ ఆ పనే మొదలెట్టారు. స్వాతంత్ర్యోద్యమంలో ముస్లిముల పాత్ర మీద వరుసగా పుస్తకాలు రాశారు. తెలుగు ముస్లిం కవుల, రచయితల వివరాలు కూర్చి 2010లో ‘అక్షరశిల్పులు’ తెచ్చారు. రేపటి పరిశోధకుడు అక్కడ మొదలుపెట్టక తప్పదు.

అయితే విశ్వవిద్యాలయాన్ని తిట్టినంత మాత్రాన పరిశోధన అయిపోదు. గ్రంథాలయం, రాతప్రతులు, తప్పు పట్టే తోటి పండితులు అక్కడున్నారు. బయటివాడికి ఆ కాపలా లేదు కనుక తనకు తానే కాపలా కాయాలి. మనకు నచ్చిన కథనే ముందుగా నిలదీయాలి. షేర్ ఖాన్ కథ మాకు ఇష్టం. అందుకే దాన్ని ఆధారం లేకుండా ఊరేగించకూడదు.

ఫార్సీ లిపి చదవగల పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ట్రంకుపెట్టెల్లో కాగితాలు చెదపురుగుల పాలవుతున్నాయి. ఏదో శాఖ ఎప్పుడో వచ్చి అడిగేదాకా అవి ఆగవు. ఈ పెద్దలుండగానే ఆ కాగితాలు చదివించుకుని, నకలు రాసి, అచ్చేద్దాం. సరిచూడ్డానికి అందరినీ పిలుద్దాం.