చక్కెర మట్టం కదలనివ్వని ప్రయోగం

లోకంలో ఎక్కువమంది వాడే ఉత్తేజకం కెఫీన్. అది రక్తంలో చక్కెర అదుపును చెడగొడుతుందా? కాఫీ తాగించి చక్కెర కొలిస్తే తేలే సంగతి కాదిది. కాఫీలో కెఫీన్ ఒక్కటే ఉండదు. పైగా చక్కెర పెరగగానే క్లోమం మరికాస్త ఇన్సులిన్ వదిలి తేడాను కప్పేస్తుంది. నెదర్లాండ్స్‌లోని నైమేగన్‌లో కైజర్స్ బృందం ఈ రెండు చిక్కులనూ విప్పిన తీరు, 2002లో ‘డయాబెటిస్ కేర్’ పత్రికలో వచ్చిన వారి వ్యాసంలో కనిపిస్తుంది. ఎన్నిసార్లు చదివినా ముచ్చటేస్తుంది.

వాళ్లు ఎంచుకున్న పనిముట్టు గ్లూకోజ్ క్లాంప్. డిఫ్రాంజో, టోబిన్, ఆండ్రెస్ 1979లో వివరించిన పద్ధతి. నరంలోకి ఇన్సులిన్‌ను నిలకడగా ఎక్కిస్తారు. చక్కెర పడిపోవాలి, కానీ పడనివ్వరు. కొద్ది నిమిషాలకోసారి రక్తం తీసి చూస్తూ, గ్లూకోజ్ ఎక్కించే వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ చక్కెరను మామూలు మట్టంలోనే నిలుపుతారు. చిల్లి ఉన్న తొట్టిలో మట్టం దిగకుండా నీళ్లు పోస్తుంటే, పోసిన నీళ్లే కారిన నీళ్ల లెక్క చెబుతాయి. ఇక్కడా అంతే: ఎక్కించాల్సి వచ్చిన గ్లూకోజే ఒళ్లు వాడుకున్న గ్లూకోజ్. చక్కెర కదలదు కనుక క్లోమానికి అడ్డుపడే అవకాశమే ఉండదు.

కెఫీన్‌నూ నరంలోకే ఎక్కించారు. ఆరోగ్యంగా ఉన్న 12 మందికి ఒకసారి కెఫీన్, ఒకసారి ఉత్త ద్రావణం. ఎప్పుడు ఏది ఎక్కిందో ఎక్కించుకున్నవారికీ తెలియదు, పరీక్షించేవారికీ తెలియదు. ఎవరికి వారే పోలిక. కెఫీన్ ఎక్కినప్పుడు ఇన్సులిన్‌కు ఒళ్లు స్పందించే గుణం 15 శాతం తగ్గింది. రక్తంలో అడ్రినలిన్ అయిదు రెట్లయింది.

చాలామంది ఇక్కడితో ఆగేవారు. వీళ్లు ఆగలేదు. తప్పు అడ్రినలిన్‌దా, లేక కెఫీన్ కండరాల్లో అడినోసిన్ అనే ఒంటి రసాయనం పనిని అడ్డుకోవడమా? అడినోసిన్‌ను పెంచే డైపిరిడమోల్‌తో మరో 10 మంది మీద ఇదే పరీక్ష మళ్లీ చేశారు. స్పందన మారలేదు. అనుమానం అడ్రినలిన్ మీదికి మళ్లింది. అయినా ‘కావచ్చు’ అనే రాశారు. ఆ నిగ్రహం నాకు ఫలితం కన్నా గొప్పగా తోస్తుంది. అదే ఏడాది థాంగ్, గ్రాహమ్ కెఫీన్‌తో పాటు, అడ్రినలిన్ పనిని అడ్డుకునే ప్రొప్రనొలాల్ కూడా ఇచ్చి చూస్తే కెఫీన్ తెచ్చిన చెరుపు కనిపించలేదు.

విచిత్రమేమిటంటే అదే 2002లో, అదే దేశం నుంచి, సుమారు 17 వేల మందిని గమనించిన వాన్ డామ్, ఫెస్కెన్స్ ‘లాన్సెట్’లో మరో మాట చెప్పారు: రోజుకు 7 కప్పులు, ఆ పైన కాఫీ తాగేవారిలో టైప్ 2 మధుమేహం, 2 కప్పులో అంతకన్నా తక్కువో తాగేవారితో పోలిస్తే సగమే. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేయవు. ఒకటి కొన్ని గంటల కెఫీన్ సంగతి, మరొకటి ఏళ్ల తరబడి కాఫీ అలవాటు సంగతి. కాబట్టి కైజర్స్ వ్యాసం చూసి కాఫీ మానేయకండి. వైద్య విద్యార్థులు మాత్రం అందులో ఫలితాల కన్నా ముందు పద్ధతి భాగం చదవండి.