ముడి ఎక్కడుందో ముందు చూడాలి

లాటిన్ నిఘంటువులో ‘సొల్వో’ అన్న క్రియ దగ్గరికి వచ్చిన విద్యార్థి ఎవరైనా కాసేపు ఆగిపోతాడు. విప్పడం, సడలించడం, ఓడ బయలుదేరడం, కరగడం, అప్పు తీర్చడం, మొక్కు చెల్లించడం, చిక్కుప్రశ్నకు జవాబు చెప్పడం... జాబితా సాగుతూనే ఉంటుంది. దాన్ని బట్టీ పట్టడం వృథా శ్రమ అని నా గట్టి నమ్మకం. నేను పాటించే పద్ధతి ఒక్కటే. క్రియను కాసేపు పక్కన పెట్టి కర్మను చూస్తాను. ఇక్కడ విడిపోతున్నది ఏమిటి? అంతకు ముందు అది దేనికి కట్టుబడి ఉంది? కట్టు కనిపిస్తే అర్థం దానంతట అదే తేలుతుంది.

క్రీ.పూ. 55లో సీజర్ బ్రిటన్ మీదికి తొలిసారి దండెత్తాడు. గాలి అనుకూలించగానే రాత్రి మూడో జాములో ‘విప్పాడు’ అని తన గురించి తానే రాసుకున్నాడు. ఏం విప్పాడో చెప్పలేదు. ఒడ్డుకు కట్టిన ఓడలు గుర్తుకొస్తే చాలు, ఆ ఒక్క మాటలో సైన్యమంతా కదులుతుంది. వచనాన్ని రోమన్లు ‘విప్పిన మాట’ అన్నదీ ఇలాగే. మనం పద్యాన్ని ఛందోబద్ధం అంటాం కదా, ఆ బంధం లేనిదే వారి వచనం.

అన్నిటికన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది అప్పు. డబ్బు చెల్లించడానికీ తాడు విప్పడానికీ ఒకే క్రియ ఎందుకు? తొలినాటి రోమ్‌లో ‘నెక్సుమ్’ అనే ఒప్పందం ఉండేది. అప్పు తీసుకున్నవాడు తన ఒంటినే తాకట్టు పెట్టేవాడు. తీర్చలేకపోతే అప్పిచ్చినవాడి చేతిలో బందీగా పనిచేయాల్సిందే. చరిత్రకారుడు లివీ లెక్క ప్రకారం క్రీ.పూ. 326లో ఒక చట్టం ఆ పద్ధతికి ముగింపు పలికింది. సంకెళ్లు పోయినా ఆలోచన పోలేదు. క్రీ.శ. 533లో జస్టీనియన్ చక్రవర్తి వెలువరించిన న్యాయ పాఠ్యగ్రంథం కూడా బాధ్యతను చట్టం వేసిన కట్టుగానే నిర్వచించింది. చెల్లింపు అంటే ఆ కట్టు విప్పడం. డబ్బు చేతులు మారడం కన్నా మనిషికి విడుదల దొరకడమే అందులో ముఖ్యం. ఋణబంధం, ఋణవిముక్తి అనే మాటలున్న తెలుగువాడికి ఇది వివరించి చెప్పనక్కర్లేదు.

దేవుడి బాకీ కూడా బాకీయే. బ్రిటన్‌లోని హేడ్రియన్ గోడ మొదలుకొని రోమన్ సామ్రాజ్యపు నలుమూలలా దొరికిన రాతి బలిపీఠాల మీద చివర నాలుగు అక్షరాలు పదే పదే కనిపిస్తాయి: వి, ఎస్, ఎల్, ఎం. మొక్కు తీర్చుకున్నాడు, మనస్ఫూర్తిగా, దేవుడికి తగినట్టుగా అని భావం. రెండో అక్షరం మన క్రియే. ఎక్కడో పుట్టి సరిహద్దు కాపలాలో చేరిన సైనికుడు కోరిక నెరవేరాక ఆ రాయి చెక్కించాడు. తిరుమలలో తలనీలాలిచ్చి బయటికొచ్చే భక్తుడి ముఖంలో ఏ తేలికదనం ఉంటుందో, ఆ రాతిలోనూ అదే నాకు కనిపిస్తుంది. అప్పుకూ మొక్కుకూ చిక్కుకూ మనకూ ‘తీర్చు’ అనే ఒకే క్రియ ఉంది. అయితే మన క్రియ ముగింపును చూస్తే, వాళ్లది విడుదలను చూస్తుంది. ఈ తేడా పట్టుకున్న అనువాదకుడే సరైన మాట ఎంచుకోగలడు.

విడుదల ప్రతిసారీ శుభమే అనుకోవడానికి వీల్లేదు. వర్జిల్ మహాకావ్యం ‘ఈనియడ్’ మొదటి సర్గలో తుఫానుకు భయపడ్డ కథానాయకుడు ఈనియాస్ అవయవాలు చలికి సడలిపోతాయి. పన్నెండో సర్గ చివర, అతని కత్తికి కూలిన శత్రువు టర్నస్ అవయవాలు కూడా సడలిపోతాయి. రెండు చోట్లా అవే మూడు మాటలు. మొదటివాడు తేరుకున్నాడు, రెండోవాడికి ప్రాణమే పోయింది. అనువాదంలో ఒకచోట ‘వణికాడు’ అనీ, మరోచోట ‘చచ్చాడు’ అనీ రాస్తే తప్పు పట్టలేం. కానీ గెలిచినవాడినీ ఓడినవాడినీ కవి ఒకే మాటతో కలిపిన సంగతి పాఠకుడికి అందదు. అందుకే రెండు చోట్లా ‘సడలు’ అనే మాటనే నిలపాలంటాను.

పదాన్ని నేర్చుకోవడమంటే దానికి సమానమైన మాటలు పోగేసుకోవడం కాదు. ఆ పదం వాడిన మనుషులు ఏ ఏ కట్టుల్లో బతికారో తెలుసుకోవడం. ఓడ తాడు, బాకీ, మొక్కు, ఛందస్సు, శరీరం: ఒక్క క్రియ వెంట నడిస్తే రోమన్ జీవితంలో ఇన్ని బంధాలు తగులుతాయి. నిఘంటువు తెరిచే ప్రతి విద్యార్థికీ నేనిచ్చే సలహా ఇదే. అర్థం వెతికే ముందు ముడి వెతకండి. ఆలస్యమవుతుంది, నిజమే. ఆ ఆలస్యంలోనే భాష వస్తుంది.